వెనక గోడకి ఆఖరి కోటింగ్

జూన్ 4

ఈ రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఎవరితోనైనా చెప్పుకోవాలి. మా ఆవిడతో చెబితే "సరేలెండి, ముందు ఆ చేతులు కడుక్కు రండి" అంటుంది. అందుకే రాసుకుంటున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉంటాయి, చూడొచ్చేదెవరు?

సంగతేమిటంటే, అమ్మడు నన్ను చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. నా కూతురు! కాలేజీకి దింపుతానంటే "మలుపు దగ్గర ఆపేయ్ నాన్నా, అక్కణ్ణించి నడుస్తా" అనేది. రంగు మరకల చొక్కా కదా, నేను కూడా అదే మంచిదనుకునేవాణ్ని. అందులో బాధపడేదేముంది? ఆ పిల్ల ఇవాళ తనంతట తను పిలిచి, గోడ ముందు నిలబెట్టి పాఠం చెప్పింది.

బట్టలారేసే చోట ఉన్న వెనక గోడ అది. వానాకాలమంతా చెమ్మ పీలుస్తుంది. ఈ చుట్టుపక్కల సగం ఇళ్లకి రంగులేసిన వాణ్ని, ఆ ఒక్క గోడ దగ్గర ఓడిపోయాను. ఏది వేసినా పగుళ్లే. చివరికి విసిగి వదిలేశాను. రెండేళ్లుగా అమ్మడు దాని ముందు కెమెరా స్టాండు పెట్టి ఫొటోలు తీస్తుంటే ఏదో పిల్లచేష్ట అనుకున్నాను. కాదట. తన పెద్ద సైన్సు చదువంతా ఆ గోడ మీదే ఉందట!

"నాన్నా, ఈ రెండు పగుళ్లలో ఏది ముందు పుట్టింది?"

"నాకేం తెలుసు తల్లీ, దగ్గరుండి పురుడు పోశానా?"

పడీపడీ నవ్వింది. ఎన్నాళ్లయిందో అది నా మాటకి నవ్వి.

"చూడు, ఇది అడ్డంగా వచ్చి దానికి తగిలి ఆగిపోయింది. సందు వచ్చి పెద్ద రోడ్డుకి తగిలినట్టు. అంటే ఇది తర్వాత పుట్టింది. ముందే ఒక పగులు ఉంటే తర్వాతది దాన్ని దాటలేదు. దాని దగ్గరికొచ్చి ఆగాల్సిందే."

నలభై ఏళ్లు గోడల ముందు నిలబడ్డాను. పగులు కనిపిస్తే పూడ్చడమే తెలుసు కానీ చదవొచ్చని తెలీదు. నా బంగారుతల్లి!

జూన్ 9

వాన. అమ్మడు వానలోనే గోడకి ఫొటోలు తీసింది. నేను తనకి గొడుగు పట్టాను. ఆవిడ కిటికీలోంచి "ఆ గోడకి కూడా ఒకటి పట్టండి, జలుబు చేస్తుంది" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

జూన్ 10

తుమ్ములు. అయినా హాయిగా ఉంది.

జూన్ 21

ఇవాళ అమ్మడు గదిలోకి వెళ్లాను. తనే పిలిచింది. గోడనిండా బొమ్మలు. సన్న కలంతో నల్ల సిరా గీతలు. ఒకటి మన వెనక గోడ. ఒకటి ఎండిన చెరువు అడుగు మట్టి. ఒకటి తూనీగ రెక్క. ఒకటి తాబేలు వీపు. అన్నీ వరసగా పెట్టి ఏది ఏదో చెప్పమంది. నేను తూనీగని గోడ అన్నాను, చెరువుని తాబేలు అన్నాను. తప్పు చెప్పినందుకు దానికి ఎంత ఆనందమో!

"అదే నాన్నా నేను చెప్పేది! ఎవరూ కనిపెట్టలేరు!"

తర్వాత ఒక పుస్తకంలో పాత రంగుల చిత్రం చూపించింది. ఎవరో మహాతల్లి ముఖం, ఎప్పుడో వందల ఏళ్ల కిందట వేసింది. బుగ్గల మీద, నుదుటి మీద సాలెగూడులా పగుళ్లు.

"ముఖం చిత్రకారుడు వేశాడు. ఈ గీతలు ఎవరు వేశారు? చెరువులో మట్టి మీద వేసినవాళ్లే. ఆరిపోవడం ఒకటే నాన్నా, మట్టికైనా రంగుకైనా. మనం ఈ బొమ్మని అందంగా ఉందంటున్నామంటే సగం అందం ఆ పగుళ్లదే. అవి లేకుండా చూస్తే ఈవిడ ఉత్త అమ్మాయి."

ఎవరైనా ఇలా ఆలోచిస్తారా?

అసలు విషయం చివర్లో చెప్పింది. పెద్ద పరిశోధన సంస్థలో ఒకే ఒక్క సీటుంది. అది దొరికితే ఇక చదువుకి, బతుక్కి దిగులు లేదు. దానికోసం తను రుజువు చేయాల్సింది ఒకటుంది. కొత్త పగుళ్లు సందు రోడ్డుకి తగిలినట్టు కలుస్తాయట. వాన పడి ఉబ్బి, ఎండకి ఆరి, మళ్లీ మళ్లీ అదే చోట తెరుచుకుంటూ ఉంటే ఆ మూలలు మెల్లగా జరిగి జరిగి మూడు దారులు సమానంగా కలిసే కూడలి అవుతాయట. అప్పుడిక ఏది ముందో ఏది వెనకో చెప్పలేరట. మట్టిలో అది అందరికీ తెలుసు. రంగేసిన గోడ మీద కూడా జరుగుతుందని చూపించాలి. రెండు వానాకాలాలు చూసింది, సగం జరిగాయి. "ఈ మూడోది గడిస్తే చాలు నాన్నా, నా చేతిలో రుజువుంటుంది" అంది.

వచ్చే నెల వాళ్ల మేడం గారు, ఆర్ట్ కాలేజీ నుంచి ఒక సారు మనింటికి వస్తారట. గోడని చూడ్డానికి! మన గోడని!

జూలై 2

టీ కొట్టు దగ్గర పై వీధి మేస్త్రి కలిశాడు. వాడూ నేనూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. నన్ను బావా అంటాడు. నేను ఉండబట్టలేక అమ్మడు సంగతి అంతా చెప్పాను. పక్కన బల్లల వాళ్లు కూడా విన్నారు.

వాడు టీ గ్లాసు దించి, "అయితే బావా, నువ్వేసిన గోడ ఎలా పగిలిందో చూడ్డానికి పెద్ద పెద్దవాళ్లు కార్లేసుకుని వస్తున్నారన్నమాట" అన్నాడు.

"సైన్సు కోసంరా."

"సైన్సే బావా, కాదన్నానా? నా పని ఇంతవరకు ఎవడూ పుస్తకాలకెక్కించలేదు. పగిలితే కదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు నవ్వించేవాడు మొదట్నుంచీ.

జూలై 3

నేనేం పట్టించుకోలేదు.

జూలై 5

అమ్మడిని మాటల్లో అడిగాను, బొమ్మల కింద గోడ ఎవరిదని రాస్తావు అని. "మా ఇల్లు అని రాశాను. రంగు వేసిన తేదీలు కూడా వేశాను, అది అవసరం నాన్నా" అంది. రంగు వేసింది ఎవరో కూడా రాశావా అన్నాను. "రాశాను, నాన్న అని" అంది. ఎంత ప్రేమ దానికి!

పై వీధి వాడి నవ్వు మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తోంది. పట్టించుకున్నానని కాదు.

జూలై 8

అమ్మడు స్నేహితురాళ్లతో కొండల వైపు వెళ్లింది, రాళ్ల మీద పాచి చూడ్డానికి. వెళ్లేముందు "ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశాను నాన్నా, ఇప్పటిదాకా ఉన్నదంతా భద్రం" అంది. అంటే ఒక రకంగా పని అయిపోయినట్టే. భద్రమని తనే అంది.

తను వచ్చిన మర్నాడే పెద్దవాళ్లు వస్తారు.

జూలై 9

ఇంటివాళ్లు చూడ్డానికొచ్చేముందు ఆఖరి కోటింగ్ పడి తీరాలి. మా గురువు మొదటి రోజు చెప్పిన మాట అది. గోకి వదిలేసిన గోడని, పగుళ్లు పూడ్చిన లప్పం మచ్చలున్న గోడని, నేను ఇంతవరకు ఎవరి కంటా పడనివ్వలేదు. గుమ్మానికి గోనెపట్టా కట్టి మరీ పని చేసేవాణ్ని. అలాంటిది చదువుకున్నవాళ్లు ఇంటికొచ్చి, కుర్చీ వేసుకుని, చూసేది ఆ గోడనా? అమ్మడి పరువేం కాను?

ఫొటోలన్నీ భద్రం. తనే అంది.

ఆవిడ పెరట్లోకి వచ్చి నిచ్చెన చూసింది. "పిల్లని అడిగారా?"

"అడిగితే ఇంక ఆశ్చర్యమేముంటుంది?"

"ఫోనుంది కదండీ."

"కొండల్లో అందదు."

"ప్రయత్నించారా?"

ఆడవాళ్లకి అన్నీ అనుమానాలే.

జూలై 10

అబ్బ, ఎన్నాళ్లయింది ఇలా పని చేసి! రేకుతో మొదలంటా గోకాను. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. చెమ్మ ఆపే మందు పూశాను. లప్పం రెండు సార్లు. గరుకు కాగితంతో రుద్ది, అరచేత్తో తడిమి చూసుకున్నాను. పసిపిల్ల బుగ్గలా వచ్చింది. పైన తెలుపు. కెమెరా స్టాండుకి ఒక్క చుక్క పడకుండా గుడ్డ కప్పాను. సాయంత్రం ఎండ పడితే ఆ గోడ వెలిగిపోయింది. ఈ గోడ నన్ను ఇన్నాళ్లు ఏడిపించింది. ఇక ఏడిపించదు.

పై వీధి వాణ్ని పిలిచి చూపించాను. అటూ ఇటూ నడిచి చూశాడు. వంక పెట్టడానికి ఎక్కడా దొరకలేదు వాడికి. "బాగా వచ్చింది బావా" అన్నాడు. వెళ్లబోతూ, "మరి అమ్మాయి చూసే పగుళ్లు?" అన్నాడు.

ఫొటోలున్నాయి అన్నాను.

జూలై 11

అమ్మడు వచ్చింది. చూసింది.

జూలై 12

నిన్న సరిగా రాయలేదు. ఇంట్లో చుట్టాలొచ్చినంత హడావిడి. అమ్మడు ప్రయాణం చేసి అలసిపోయి ఉంది. సంచి భుజాన ఉండగానే పెరట్లోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను, ముఖం చూద్దామని.

"లప్పం పెట్టావా?" అంది.

"రెండు సార్లు తల్లీ!"

"గోకావా?"

"మొదలంటా. లేకపోతే నిలుస్తుందా?"

తలూపింది. గోడ దగ్గరికెళ్లి వేలితో ఎక్కడో ఒక చోట రాసింది, ఇంకో చోట రాసింది, గుడ్డివాళ్లు వెతికినట్టు. తర్వాత గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అలసట. భోజనానికి రాలేదు. ఆవిడ కూడా తినలేదు, ఆవిడకి అప్పుడప్పుడూ అంతే.

ఇవాళ పెద్దవాళ్లు వచ్చారు. మేడం గారు గోడ ముందు నిలబడి "ఇదేనా?" అన్నారు. అమ్మడు "ఇదే మేడం" అంది. నేనే ముందుకొచ్చి అంతా వివరించాను, ఏ మందు పూశానో, ఎందుకు పూశానో. ఆర్ట్ కాలేజీ సారుకి పెద్ద గడ్డం. ఆయన చాలాసేపు చూసి "పనితనం ఉందండీ మీ చేతిలో" అన్నారు. ఆ మాట ఆవిడని పిలిచి వినిపించాలనుకున్నాను, ఆవిడ వంటింట్లోంచి రాలేదు.

వెళ్లేటప్పుడు మేడం గారు అమ్మడి భుజం మీద చేయి వేసి గేటు దాకా నడిపించారు. అంత ఇష్టం వాళ్లకి అదంటే.

జూలై 15

అమ్మడికి చదువు ఒత్తిడి. మాటలు తక్కువ.

జూలై 19

వాన. పెరట్లో గొడుగు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఒక్క చుక్క చెమ్మ లేదు గోడకి. అమ్మడిని పిలిచాను చూడమని. "చూశాను నాన్నా" అంది గదిలోంచి.

జూలై 27

ఆ సీటు ఎవరో కప్పల మీద పని చేసిన కుర్రాడికి ఇచ్చారట. ఆవిడ చెప్పింది. అమ్మడు నాతో చెప్పలేదు. నేను బాధపడతానని కాబోలు.

"రుజువు చాల్లేదన్నారట" అంది ఆవిడ.

"ఫొటోలున్నాయి కదా!"

ఆవిడ నా వైపు చూసింది. "కంచం తియ్యండి, ఊడ్వాలి" అంది.

కప్పలకి సీటిచ్చేవాళ్ల దగ్గర చదివితే ఎంత, చదవకపోతే ఎంత.

ఆగస్టు 16

ఎంత గొప్ప రోజో! అమ్మడి బొమ్మల ప్రదర్శన. గడ్డం సారు తన కాలేజీలో గది ఇప్పించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను, ఈసారి మలుపు దగ్గర ఆగలేదు. నిజానికి అమ్మడు రమ్మనలేదు, హడావిడిలో మరిచిపోయి ఉంటుంది. ఆవిడ వద్దన్నా లాక్కెళ్లాను.

చెరువు, తూనీగ, తాబేలు, పాత చిత్రంలో మహాతల్లి నుదురు, అన్నీ ఉన్నాయి. గదికి నడిమధ్య మూడు పెద్ద చట్రాలు. మొదటి దాని కింద "మొదటి వానాకాలం" అని ఉంది. నల్ల గీతలతో వెనక గోడ. రెండో దాని కింద "రెండో వానాకాలం". అదే గోడ, మూలలు కాస్త జరిగి ఉన్నాయి. మూడో దాని కింద "మూడో వానాకాలం". అందులో ఏమీ లేదు. ఉత్త తెల్ల కాగితం.

జనమంతా దాని ముందే! ఒకమ్మాయి "ఇదేంటి, ఇక్కడ ఏమైంది?" అని అడిగింది.

అమ్మడు "ఇంట్లోవాళ్లు రంగేశారు" అంది.

ఇక నేను ఆగగలనా? "నేనేనండీ! నేనే వేశాను! లప్పం రెండు సార్లు, పైన తెలుపు రెండు కోటింగులు!" అన్నాను. ఒకటే నవ్వులు. ఒకతను చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు. "సార్, ఆ బొమ్మ పక్కన నిలబడండి" అని ఫొటోలు తీశారు. జీవితంలో నా పనికి చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. నా కూతురు, నా గోడకి చట్రం కట్టించి, నడిమధ్యలో పెట్టింది!

అమ్మడు అప్పటికి పక్క గదిలోకి వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. ఆనందం ఎక్కువైతే నాకూ అంతే.

బస్సులో ఆవిడ అంది, "వాళ్లు నవ్వింది దేనికో తెలుసా మీకు?"

"సంతోషంతో."

"మీరు నిజంగానే అలా అనుకుంటున్నారా, లేక నాతో అలా అంటున్నారా?"

కిటికీ పక్క సీటు దొరికింది, గాలి బాగా వచ్చింది.

ఆగస్టు 17

సంతోషంతోనే.

ఆగస్టు 24

గడ్డం సారు అమ్మడిని తన దగ్గర పనిలో పెట్టుకున్నారు. పాత చిత్రాలు బాగుచేసే చోట. ఆ తెల్ల బొమ్మ ఆయనకి తెగ నచ్చిందట. అందరికీ చెబుతున్నాను, ఆ ఒక్క కోటింగ్ వల్ల పిల్లకి ఉద్యోగం వచ్చిందని. ఎలా చూసినా నిజమే కదా.

టీ కొట్టు దగ్గర పై వీధి వాడు కలిశాడు. "అమ్మాయి ఎలా ఉంది బావా?" అని మాత్రం అడిగాడు. ఏదో ఒక ఎత్తిపొడుపు మాట అని ఉంటే బాగుండేది.

సెప్టెంబర్ 1

అమ్మడు పని చేసే చోటుకి దగ్గర్లో గది తీసుకుంది, ఇంకో అమ్మాయితో కలిసి. బొమ్మలన్నీ చుట్టి తీసుకెళ్లింది. మేకులు కూడా పీకి తీసుకెళ్లింది. తన గది గోడకి చిన్న చిన్న చిల్లులు మిగిలాయి.

వాటిని నేను పూడ్చలేదు.

సెప్టెంబర్ 6

ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో.

సెప్టెంబర్ 20

ఇవాళ అమ్మడి గదికి వెళ్లి వచ్చాను. చెప్పకుండా వెళ్లాను. అద్దె గదులకి ఎలాంటి రంగులేస్తారో నాకు తెలుసు, అందుకని డబ్బా, రెండు కుంచెలు పట్టుకెళ్లాను. ఎంతో బాగా మాట్లాడింది. కొత్త పని గురించి అంతా చెప్పింది.

ఆవిడతో అలా చెప్పాను. ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను. ఎవరు చూడొచ్చారు గనక?

సరే, జరిగింది జరిగినట్టే రాస్తాను. మూడో అంతస్తు. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి తలుపు పక్కన గోడకి ఆనుకున్నాను. తలుపు కొంచెం తెరిచి ఉంది. లోపల అమ్మడు ఆ రెండో అమ్మాయికి చెబుతోంది. అదే గొంతు, వేగంగా, మధ్యమధ్యలో నవ్వుతూ, మొన్న జూన్లో పెరట్లో నాకు చెప్పినట్టే.

"నీళ్ల రంగు బొట్టు ఒకటి కాగితం మీద వదిలెయ్. ఆరాక చూడు, మధ్యలో ఏమీ ఉండదు. రంగంతా అంచుకి వెళ్లిపోయి గీత కట్టుకుని ఉంటుంది. బల్ల మీద టీ మరక చూడు, అదీ అంతే. వరద పోయాక ఇసుకలో మిగిలే మరక కూడా! చిత్రకారులకి ఇది ఎప్పట్నుంచో తెలుసు, ఆ గీత కోసమే బొట్టుని వదిలేస్తారు. కుంచె పెట్టి సరిచేశావో, అంతే, పోతుంది."

"ఎందుకు అంచుకే పోతుంది?" అంది ఆ అమ్మాయి.

అప్పుడే కింద నుంచి ఎవరో మెట్లెక్కి వస్తున్న చప్పుడైంది. తలుపు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డ ముసలాణ్ని చూసి ఎవరు కావాలని అడుగుతారు. అమ్మడు బయటికొస్తుంది. ఏం చెప్పాలి? డబ్బా చప్పుడు కాకుండా ఎత్తుకుని దిగి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆవిడ డబ్బా మూత చూసింది. విప్పలేదని తెలిసిపోతుంది కదా.

"రంగు వేయలేదేం?"

"గోడలు బాగానే ఉన్నాయి."

"పిల్ల ఏమంది?"

నేను బల్ల దగ్గర కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ల రంగు బొట్టు, మధ్యలో ఏమీ మిగలకపోవడం, టీ మరక, వరద ఇసుక, ఒక్క మాట పొల్లుపోకుండా, చేతులు తిప్పుతూ, అమ్మడు నవ్విన చోట నవ్వుతూ. ఆవిడ ఎప్పుడూ నా మాట పూర్తిగా వినదు. ఇవాళ చేతిలో పని పక్కన పెట్టి విన్నది. ముఖం కూడా తేటపడింది పాపం.

"ఇంతసేపు కూర్చోబెట్టి మీకు ఇదంతా చెప్పిందా?"

"చెప్పింది."

"నవ్వుతూనే?"

"నవ్వుతూనే."

"హమ్మయ్య" అంది. కొంగుతో బల్ల మీద టీ మరక తుడవబోయి ఆగింది. వంగి, దాని అంచు చూసింది. "నిజమేనండోయ్! మరి ఎందుకండీ అంచుకే పోతుంది?"

"అది నీకు అర్థం కాదులే" అన్నాను.